బీడు భూములు పోతే తొండలు ఎటు పోతాయి? నెల్లూరు, ప్రకాశం వాళ్లు చెప్పండి

#1 అల్లూరు_అబ్బయ్య

మా ఊరు సముద్రానికి దగ్గర. ఊరికీ సముద్రానికీ మధ్య ఇసుక తిప్పలు ఉండేవి. అక్కడక్కడా తాటిచెట్లు, నేలకు అతుక్కున్న గడ్డి, మిగతాదంతా బట్టబయలు. ఎండాకాలం చివర్లో అక్కడ వేలెడంత తొండలు కనిపించేవి. మగవి కాస్త ఎత్తుగా ఉన్న రాయో మట్టిగడ్డో చూసుకుని ఎక్కి, గొంతు కింద నీలంగా మెరిసే సంచి విప్పి మూస్తుండేవి. దగ్గరికి పోతే వెనక కాళ్ల మీద లేచి పరిగెత్తేవి. మా వైపు వాళ్లు చిన్నప్పుడు వాటిని చూసే ఉంటారు.

ఇప్పుడు ఆ తిప్పల్లో కొంత సరుగుడు తోట, కొంత రొయ్యల గుంటలు. ఆ తొండ మాత్రం కనపడట్లేదు. విచిత్రం ఏంటంటే ఇళ్ల దగ్గర కంచెల మీద మామూలు తొండలు బాగానే ఉన్నాయి, గోడల మీద బల్లులకైతే కొదవే లేదు. మనుషుల వల్ల ఇవి తగ్గుతున్నట్టా, పెరుగుతున్నట్టా? మీ వైపు ఎట్లా ఉంది?

#2 ఒంగోలు_గిత్త

అబ్బయ్యా, పొగాకుకి రేటు లేదు, రొయ్యకి రేటు లేదు, నువ్వు తొండల లెక్క అడుగుతున్నావా :) మా ట్యూబులైటు దగ్గర రాత్రయితే బల్లులు పంక్తి భోజనానికి కూర్చున్నట్టు కూర్చుంటాయి. కావాలంటే పార్సిల్ పంపిస్తా. తగ్గాయంటే నేను నమ్మను.

#3 కనిగిరి_టీచర్

గిత్త గారూ, మీ ట్యూబులైటు బల్లినీ అబ్బయ్య గారి ఇసుక తొండనీ ఒకే లెక్కలో వేయకూడదు. "తగ్గాయా పెరిగాయా" అని మొత్తంగా అడిగితే జవాబు దొరకదు. ఏ బల్లి, ఏ తొండ అని అడగాలి.

ఇంటి బల్లికి మనం చేసినంత మేలు ఎవరూ చేయలేదు. గోడ కట్టాం, పగుళ్లు ఇచ్చాం, లైటు పెట్టి పురుగుల్ని దాని నోటి దగ్గరికి రప్పించాం. కంచె తొండ కూడా అంతే. పొదలు, తోటలు, పెరట్లు ఎక్కడున్నా సర్దుకుపోతుంది. మెత్తటి తడిమట్టి దొరికితే గొయ్యి తవ్వి గుడ్లు పెట్టేస్తుంది. ఈ రెండూ కళ్లముందే తిరుగుతుంటాయి కాబట్టి అన్నీ బాగున్నాయని అనుకుంటాం.

దెబ్బ తినేవి వేరే. ఒక రకం చోటు తప్ప మరోచోట బతకలేనివి. ప్రపంచంలోని సరీసృపాలన్నిటినీ కలిపి వేసిన అంచనా 2022లో వచ్చింది. పదివేల పైచిలుకు జాతుల్ని చూస్తే 21 శాతం ముప్పులో ఉన్నాయని తేలింది. కారణాల్లో ముందున్నవి వ్యవసాయం, చెట్లు కొట్టడం, ఊళ్లు పెరగడం.

అబ్బయ్య గారు చెప్పిన గొంతుసంచి తొండకి బట్టబయలు నేల కావాలి. మగది సంచి విప్పేది ఆడదానికీ, పక్క మగదానికీ కనపడాలని. చుట్టూ గుబురు పెరిగితే ఆ సైగ ఎవరికి కనపడుతుంది? ఇంకో విషయం, ఇవి చాలావరకు ఏడాది మించి బతకవు. ఈ ఏడు పుట్టినవి వచ్చే ఏడు గుడ్లు పెట్టి పోతాయి. అందుకే ఒక్క సీజన్ గుడ్లు పాడైతే ఆ ముక్క ఖాళీ అయిపోతుంది. పక్క ముక్క నుంచి మళ్లీ రావాలి. పక్కన గుంటలు, అవతల తోట ఉంటే ఎక్కడి నుంచి వస్తాయి?

#4 గుంటల_రాజా

నాది విడవలూరు వైపు, రొయ్యల సాగు. ప్రతిదానికీ గుంటల మీద పడటం అలవాటైపోయింది అందరికీ. మేం తవ్వింది చాలావరకు ఉప్పు తేలి, పంట రాని నేలలో. పనికిరాని నేలని పనిలో పెట్టాం, కూలీలకి పని దొరికింది.

ఒక మాట మాత్రం ఒప్పుకుంటా. వైరస్ భయానికి గుంట చుట్టూ క్రాబ్ ఫెన్సింగ్ వేస్తాం, నేలలోకి దించి ప్లాస్టిక్ షీటు. పీతలు రాకూడదని వేసేదే గానీ దాని వెంబడి తొండలు, నలికిరిలు (నున్నటి ఒంటి బల్లులు), చిన్న పాములు దారి దొరక్క అటూ ఇటూ పరిగెత్తడం పొద్దున్నే చూస్తుంటా. కాకులు, కొంగలు అక్కడే కాపు కాస్తాయి. దీనికి ఏమన్నా మార్గం ఉందా?

#5 వెలిగొండ_నీడ

రాజా అన్నా, ఫెన్సింగ్ సంగతి తర్వాత చెప్తా. ముందు "పనికిరాని నేల" అన్నారే, అసలు గొడవంతా అక్కడే ఉంది.

మన దేశంలో బంజరు భూముల అట్లాస్ అని ఉపగ్రహ చిత్రాలతో తయారు చేస్తారు. హైదరాబాద్‌లోని జాతీయ దూర సంవేదన కేంద్రం వాళ్లు, భూ వనరుల శాఖ కలిసి చేసే పని. అందులో ఇసుక మేటలు, ముళ్లపొదల బీళ్లు, బండనేలలు అన్నీ బంజరు కిందికే వస్తాయి. కాగితం మీద బంజరు అయ్యాక దాన్ని ఏం చేసినా మంచిపనే. పరిశ్రమకి ఇస్తే అభివృద్ధి, మొక్కలు నాటితే పచ్చదనం. అక్కడ అప్పటికే బతుకుతున్న ప్రాణుల లెక్క ఎక్కడా ఉండదు.

నన్ను అడిగితే గుంటల కన్నా సరుగుడు తోట గురించే ఎక్కువ మాట్లాడాలి. గుంట తవ్వితే నేల పోయిందని అందరికీ తెలుస్తుంది. తోట వేస్తే పచ్చగా ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. సరుగుడు మన చెట్టు కాదు. మద్రాసు వైపు రైలింజన్లకు కట్టెల కోసం 19వ శతాబ్దంలోనే తీరం వెంబడి నాటడం మొదలైంది. దాని ఆకు పుల్లలు పుల్లలుగా రాలి నేల మీద మందంగా పరుచుకుంటుంది. కింద గడ్డి మొలవదు, ఎండ పడదు. ఎండ కాచుకుని ఒళ్లు వేడెక్కితే గానీ కదల్లేని ప్రాణికి, గడ్డిలో చీమలూ చెదలూ ఏరుకు తినేదానికి, అందులో ఏం పని?

సర్కారు తుమ్మది ఇంకో కథ. కడప జిల్లా కమలాపురంలో 1877లో నాటినట్టు అటవీ చరిత్రల్లో ఉంది. ఇప్పుడు మన రెండు జిల్లాల్లో చెరువు కట్టలు, వాగులు, బీళ్లు అన్నీ అదే. ఈ కంపలో కంచె తొండ హాయిగా ఉంటుంది. బయలు నేల తొండ ఉండదు.

#6 అల్లూరు_అబ్బయ్య

నీడ అన్నా, ఇక్కడే నాకు తేడా వస్తోంది. 2004 సునామీ తర్వాత తీరం వెంబడి సరుగుడు ఎందుకు నాటారో మా ఊళ్లో అందరికీ తెలుసు. గాలికి అడ్డం, కట్టెలకి ఆధారం. మా పెదనాన్న రెండెకరాల సరుగుడు కొట్టించిన డబ్బుతోనే ఆడపిల్ల పెళ్లి చేశాడు. తొండ కోసం తోట వద్దంటే ఊళ్లో ఎవరు వింటారు?

#7 వెలిగొండ_నీడ

తోట వద్దని నేను అనలేదు అబ్బయ్యా. పట్టా భూమిలో వేసుకునేదాని గురించి మనకి మాట లేదు. మిగిలిన ప్రభుత్వ తిప్పల మీద కూడా ఖాళీ కనిపిస్తే చాలు, మొక్కల లెక్క కోసం నింపేయడం గురించి నా బాధ. ఊరి ముందు గాలికి అడ్డం కావాలంటే వేయండి. మొత్తం తిప్పని కప్పాల్సిన పని లేదు. ఇసుక తిప్ప కూడా అలకి అడ్డమే కదా, దాన్ని చదును చేయకుండా ఉంటే.

#8 గెలాక్సీ_రాయి

చీమకుర్తి దగ్గర క్వారీలో సూపర్‌వైజర్‌ని. బ్లాక్ గెలాక్సీ రాయి మా దగ్గర తప్ప ఎక్కడా రాదు, అందరికీ తెలిసిందే. గుట్టల మీద బండతొండలు ఉండేవి. ఎండాకాలంలో మగది ఎర్రగా, నల్లగా రంగు తిరిగి బండ మీద తల ఊపుతూ ఉంటుంది. బ్లాస్టింగ్ వల్ల అవి పోయాయని రాసేవాళ్లు ఒకసారి మా వేస్ట్ రాయి డంపులు చూడాలి. వాటి మీద తొండలు బాగానే తిరుగుతున్నాయి. పెద్ద పెద్ద రాళ్లు, సందులు, అచ్చం గుట్టలాగే ఉంటుంది. మరి చోటు పోయిందని ఎట్లా అంటారు?

#9 పలకల_ఊరు

మార్కాపురం నుంచి. రాయి గారి మాటకి నేను కొంత సాక్ష్యం. పలకల గనుల చుట్టూ దశాబ్దాలుగా పోసిన పలక ముక్కల కుప్పలు ఉన్నాయి. వాటి సందుల్లో బల్లులు, నలికిరిలు, తేళ్లు అన్నీ ఉంటాయి. ఒక్క పెంకు లేపితే ఏదో ఒకటి సర్రుమని పోతుంది. అయితే అవి చాలా పాత కుప్పలు. పైన గడ్డి పెరిగింది, తుమ్మ మొలిచింది. కొత్తగా పోసిన కుప్పలో నేనైతే ఏమీ చూడలేదు.

#10 వెలిగొండ_నీడ

పలకల ఊరు గారు చెప్పిన పాత, కొత్త తేడా చాలా ముఖ్యం. రాయి అన్నా, మీరు చూసింది అబద్ధమని నేను అనను. కానీ తొండ కనపడటం వేరు, అక్కడ సంసారం చేయడం వేరు. గుట్ట పగిలినప్పుడు బతికినవి పక్కనున్న రాళ్ల మీదికే చేరతాయి. డంపు మీద రోజంతా రాతిపొడి పడుతుంటే మొక్క ఉండదు, మొక్క లేకపోతే పురుగు తక్కువ. గుడ్లు పెట్టడానికి రాళ్ల మధ్య కొంచెం మట్టి, తేమ కావాలి.

ఎన్ని ఉన్నాయో చూసి మోసపోయే వీలుందని చెప్పడానికి మహారాష్ట్రలోని సతారా దగ్గర చాల్కేవాడి పీఠభూమి మంచి ఉదాహరణ. అక్కడ ఎప్పటినుంచో గాలిమరలు తిరుగుతున్నాయి. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ వాళ్లు 2018లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, మరలు లేని చోట వేటపక్షులు దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ. మరల కింద గద్దలు, డేగలు తగ్గేసరికి అక్కడి గొంతుసంచి తొండలు బాగా పెరిగాయి. ఇక్కడిదాకా వింటే తొండలకి మంచే జరిగిందనిపిస్తుంది. పట్టుకుని చూస్తే ఒళ్లు చిక్కిపోయి ఉన్నాయి, మగవాటి సంచి రంగు వెలిసి ఉంది. ఉన్న తిండికే పోటీ పెరిగింది. భయం తగ్గి, మనిషి దగ్గరికి వచ్చినా త్వరగా పారిపోవడం లేదు.

బండతొండల మీద కూడా ఆ సంస్థ వాళ్లే చేశారు. బెంగళూరు శివార్లలో ఇళ్ల మధ్య బతికే మగవాటి రంగులు ఊరి బయట వాటికన్నా వెలవెలబోయి ఉన్నాయి. ఒక మంచి గుణం కూడా కనపడింది. దాక్కునే చోటు ఏది క్షేమమో నేర్చుకోవడంలో శివార్లవే చురుకు.

కాబట్టి రాయి అన్నా, ఈ నెలలో ఒక పని చేయండి. పెద్దవాటిని వదిలేసి పిల్లలున్నాయేమో చూడండి. వానలకి ముందు పెట్టిన గుడ్లు పగిలి, ఇప్పుడు అక్టోబరులో చిన్నవి తిరగాలి. డంపు మీద ఒకసారి, మిగిలిన పాత బండ మీద ఒకసారి.

#11 గెలాక్సీ_రాయి

సరే, చూసి చెప్తా. సెల్‌లో ఫొటో పడితే పెడతా.

#12 ఒంగోలు_గిత్త

ఉడుముల మాట ఎవరూ ఎత్తలేదేం? మా తాతల కాలంలో నడుం నొప్పికి ఉడుము కూర అని... ఇప్పటికీ [తొలగించబడింది] దగ్గర దొరుకుతుందంట.

#13 నిర్వాహకుడు

గిత్త గారూ, చోటు పేరు తీసేశాను. ఉడుము ఎక్కడ దొరుకుతుంది, ఏ పుట్టలో ఉంది లాంటివి ఈ వేదికలో ఎవరూ రాయొద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. పట్టినా, చంపినా, అమ్మినా 3 నుంచి 7 ఏళ్ల జైలు. 2022 సవరణ తర్వాత జరిమానా కనీసం 25 వేలు. దాని మాంసానికి నొప్పులు తగ్గించే గుణం ఉందని ఎక్కడా రుజువు కాలేదు.

#14 మనుబోలు_కుర్రోడు

ఉడుము అనగానే అందరూ మా వైపు చూస్తారు కాబట్టి నేనే చెప్తా. మాది యానాదుల (గిరిజనుల) కాలనీ. మా తాత పొలాల్లో ఎలుకలు పట్టేవాడు. బొరియకి కుండ పెట్టి పొగ ఊది పట్టడం, రైతులే పిలిచి కూలి ఇచ్చేవాళ్లు. ఉడుముని కూడా తిన్నారు, లేదని చెప్పను. కానీ ఆ రోజుల్లో కాలవ గట్టు మీద ఉడుము మామూలుగా కనిపించేది. మావాళ్లు తిన్నందుకే తగ్గాయంటే, తిన్న రోజుల్లో ఎందుకు తగ్గలేదు?

నేను చూసింది చెప్తా. ఒకటి పుట్టలు. ఉడుము చెదపుట్ట తవ్వి గుడ్లు పెట్టి మళ్లీ పూడుస్తుంది, లోపల వెచ్చగా ఉంటుంది, పిల్లలు రావడానికి నెలలు పడుతుంది. ఇప్పుడు పొలం చదును చేయాలంటే జేసీబీ వస్తుంది. గట్టు, పుట్ట, తాటిమొద్దు అన్నీ ఒకే పూటలో పోతాయి. రెండోది ఎలుకల మందు. ఊరంతా ఒకేసారి బ్రోమడయోలోన్ కలిపిన నూకలు బొరియల్లో పెడతారు. ఎలుక వెంటనే చావదు, రోజుల తరబడి మత్తుగా తిరుగుతుంది. ఉడుముకి అట్లాంటి ఎలుక కన్నా సులువైన తిండి ఏముంటుంది? గుడ్లగూబలు కూడా దీనివల్లే పోతున్నాయి. ఎలుకల్ని తినేవాటిని చంపి, ఎలుకలు పెరిగాయని మళ్లీ మందు పెడతారు. మా తాతని పిలిచే రైతు ఇప్పుడు ఒక్కడూ లేడు.

#15 కనిగిరి_టీచర్

తమ్ముడూ, చాలా బాగా చెప్పావు. ఉడుము వేట అంటే కూర ఒక్కటే కాదు. అసలు వ్యాపారం పట్నాల్లో ఉంది. "హత్తా జోడి" అని అదృష్టం తెచ్చే వేరుగా అమ్మేది మొక్క వేరు కాదు, మగ ఉడుము జననాంగం ఎండబెట్టింది. ఇంటర్నెట్‌లో పూజా సామగ్రి కింద అమ్మితే 2017లో బయటపడింది. కచేరీల్లో చేత్తో వాయించే కంజీరకు కూడా ఉడుము చర్మమే వాడేవారు. ఇప్పుడు మేక చర్మం, సింథటిక్ వస్తున్నాయి, కచేరీలు ఏమీ ఆగలేదు.

ఇంకో సంగతి ఎవరూ అనలేదు, ఎండ. మా కనిగిరి వైపు మే నెల గురించి చెప్పక్కర్లేదు. బల్లిజాతికి ఎండ కావాలి గానీ హద్దు దాటితే నీడలోకి పోయి కూర్చోవాల్సిందే. అలా కూర్చున్నంతసేపూ తిండి వేట ఆగిపోతుంది. మెక్సికోలో 1975 నుంచి చూసిన 200 చోట్లలో 12 శాతం చోట్ల తొండలు మాయమయ్యాయని 2010లో ఒక పరిశోధన వచ్చింది. ఎండకి మాడి చావలేదు. గుడ్లు తయారుచేసుకునే నెలల్లో తిరిగే గంటలు తగ్గి, చాలినంత తినలేకపోయాయి. ఎండ పెరగడం మన ఊళ్లో ఆపలేం. కానీ బీట్లో నాలుగు రేగుపొదలు, బలుసు పొదలు ఉంచడం మన చేతిలోదే. ఎండ, నీడ పక్కపక్కనే ఉంటే తొండ రోజంతా అటూ ఇటూ మారుతూ నెట్టుకొస్తుంది. పొద మొత్తం కొట్టేసినా చేటే, మొత్తం తోటతో కప్పేసినా చేటే.

#16 ఒంగోలు_గిత్త

టీచర్ గారూ, ఇప్పుడు వెటకారం కాదు, నిజంగానే అడుగుతున్నా. ఎలుకలకి గమ్ ప్యాడ్ పెడితే రాత్రి బల్లి అతుక్కుంది. లాగితే తోలు ఊడొచ్చేలా ఉంది. ఏం చేయాలి?

#17 కనిగిరి_టీచర్

లాగొద్దు. వంటనూనె వేలితో గానీ దూదితో గానీ అతుక్కున్న చోట రాస్తూ మెల్లగా విడిపించండి. ముక్కు, నోరు దగ్గర నూనె వద్దు. తర్వాత ఒంటి మీద నూనె కాగితంతో అద్ది, నీడలో వదిలేయండి. ఇంకోసారి గమ్ ప్యాడ్ బదులు ఎలుకల బోను పెట్టండి. ఇంటి బల్లికి విషం లేదు, భయం లేకుండా పట్టుకోవచ్చు.

#18 ఒంగోలు_గిత్త

బతికింది. తోక వదిలేసి పోయింది :)

#19 వెలిగొండ_నీడ

రాజా అన్నా, మీ ఫెన్సింగ్ ప్రశ్న బాకీ ఉంది. షీటు తీసేయమని అనను, వైరస్ వస్తే మీ అప్పులు ఎవరు తీరుస్తారు. రెండు పనులు చేయొచ్చు. షీటు బయటి వైపు అక్కడక్కడా కంప కుప్పలో, పాత పెంకుల కుప్పలో వేయండి. వెంబడి పరిగెత్తేవాటికి కొంగ నుంచి దాక్కునే చోటు ఉంటుంది. రెండోది, గుంటల వరసల మధ్య గట్టు మీద గడ్డి మందు కొట్టకుండా ఒక వైపైనా వదిలేయండి. పక్షులు రాకుండా కట్టే వల చినిగితే గట్టు మీద పడేయకండి, అందులో చిక్కుకుని చచ్చేవి చాలా ఉంటాయి.

#20 గుంటల_రాజా

పెంకులు ఉన్నాయి, కూల్చిన పాత షెడ్డువి. వేయిస్తా. గడ్డి మందు సంగతి మా పార్ట్‌నర్‌ని ఒప్పించాలి, గట్టు నున్నగా లేకపోతే ఆయనకి నిద్ర పట్టదు.

#21 గెలాక్సీ_రాయి

చెప్పినట్టే చూశా. డ్యూటీ దిగాక డంపు వైపు రెండు మూడు సార్లు తిరిగా. పెద్ద తొండలు ఉన్నాయి, పిల్ల ఒక్కటి కూడా కనపడలేదు. లీజు అంచున తవ్వని పాత బండ ఒకటి మిగిలి ఉంది, పక్కన బలుసు పొదలు. అక్కడ మాత్రం చిన్నవి ఐదారు పరిగెత్తుతూ కనిపించాయి. ఫొటో సరిగ్గా రాలేదు.

#22 వెలిగొండ_నీడ

అన్నా, లీజు అంచు అన్నారు కదా. హద్దు వెంబడి 7.5 మీటర్లు తవ్వకుండా సేఫ్టీ జోన్ వదలాలి. ఆ బండ అందులోకి వస్తుందా?

#23 గెలాక్సీ_రాయి

సగం వస్తుంది. కానీ ఆ పట్టీలో గ్రీన్ బెల్ట్ వేయాలి. ఈ వానలకే గుంతలు తీసి, మట్టి తోలి మొక్కలు పెట్టాలని ప్లాన్. బండ మీద పొదలు కొట్టేయమని నిన్ననే చెప్పారు.

#24 కనిగిరి_టీచర్

పొదలు కొట్టకుండా మొక్కలన్నీ మిగతా పట్టీలో పెట్టమని అడగొచ్చేమో చూడండి. ఆ పొదలు కూడా పచ్చదనమే కదా, కాగితం మీద రాయడానికి.

#25 గెలాక్సీ_రాయి

మేనేజర్ గారిని సోమవారం అడుగుతా మేడమ్. ఇన్ని మొక్కలు నాటాం అని నంబరు చూపించాలి ఆయన. బలుసు పొదని ఎన్ని మొక్కల కింద లెక్క వేయాలని అడుగుతాడు, దానికి జవాబు మీరే రాసి పెట్టండి.

#26 అల్లూరు_అబ్బయ్య

రాసేటప్పుడు నాకూ ఒక కాపీ పెట్టండి టీచర్ గారూ. మా పంచాయతీలో కూడా అదే అడుగుతారు.